గనిపట్టణమును గూర్చిన గతస్మృతి

భారతీయాలంకారికులు స్మృతిని 33 వ్యభిచారిభావములలో నొకటిగా లెక్కించిరి. స్థాయిభావముల పంక్తిలో దానికి చోటీయలేదు. ఇది కేవలము వర్గీకరణ విషయము కాదు. తలపునకు వచ్చిన గతము తనంతట తాను రసము కానేరదనియు, ప్రేమయో శోకమో మరియొక స్థిరభావము దానిని మోయవలెననియు వారి యాశయము. శాకుంతలము పంచమాంకమున హంసపదిక పాట చెవిని బడినప్పుడు దుష్యంతునకు కారణము తెలియని కలత పుట్టును. మరచిపోయిన శకుంతలయే ఆ కలతకు మూలము. ఆమె లేనిచో అది మధురమైన నిట్టూర్పు మాత్రమే యగును. నేడు పలు భారతీయభాషలలో విస్తారముగా వచ్చుచున్న బాల్యస్మృతి రచనలను పరిశీలించుటకు ఈ ప్రాచీన వివేచన మిక్కిలి ఉపకరించును. స్మరించువాడు దేనిని స్మరించుచున్నాడనుటతో ఆగక, దేనిని మరచినాడని కూడ అది అడుగును. గనిపట్టణముల బాల్యమును గూర్చిన రచనలకు ఈ ప్రశ్న మరింతగా వర్తించును.

పుట్టినయూరిని తలచుకొనుట సాహిత్యమునకు క్రొత్త కాదు. కాని పల్లెను తలచుకొనుట వేరు, గనిపట్టణమును తలచుకొనుట వేరు. పల్లె ఎన్నడు పుట్టినదో ఎవరికిని తెలియదు. తాతముత్తాతల సమాధులో, ఇలవేలుపు గుడియో, పాలివారితో పంచుకొన్న పొలమో అక్కడ నుండును. విడిచిపోయినవాడు ఎన్నటికైన తిరిగి రావచ్చునను నమ్మకము దాని వెనుక నుండును. గనిపట్టణమునకు పుట్టిన సంవత్సరము కాగితముపై నుండును. ఖనిజమెన్నాళ్లు వచ్చునో ఆ అంచనాయు కాగితముపైననే యుండును. అక్కడి పెద్దలలో అనేకులు ఎక్కడినుండియో వచ్చినవారే. వారికి 'మావూరు' అని చెప్పుకొనుటకు వేరొక యూరు కలదు. పిల్లలకు మాత్రము అదియే ఊరు. తండ్రి ఉద్యోగవిరమణ చేసిననాడు క్వార్టరు తాళము సంస్థకు అప్పగింపవలసినదే. ఆ పిమ్మట ఆ యింటి గుమ్మమున నిలుచుటకైనను వారికి హక్కు లేదు. తనదని నమ్మి పెరిగిన చోటు ఎన్నడును తనది కాదని యౌవనారంభముననే తెలిసికొనుట ఈ బాల్యము యొక్క విశేషము. దీని స్మృతిలోని తీవ్రతకు అదియే కారణము. దీని ప్రమాదమునకును అదియే కారణము.

బస్తరు నేలపై ఈ స్థితికి స్పష్టమైన ఉదాహరణము బైలాడీలా కొండల క్రింది కిరందుల్, బచేలి పట్టణములు. అవి బొగ్గుపట్టణములు కావు, ఇనుపరాతి పట్టణములు. అయినను గనిపట్టణ జీవనలక్షణములన్నియు వానియందు కలవు. ఎద్దు మూపురమువలె కనబడుటచే ఆ కొండలకు బైలాడీలా యను పేరు కలిగినది. 1958లో స్థాపితమైన జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ 1968లో కిరందుల్ చెంత 14వ నిక్షేపమునందును, 1977లో బచేలి చెంత 5వ నిక్షేపమునందును ఉత్పత్తి ప్రారంభించెను. తొలినాళ్లలో ఆ రాయి ముఖ్యముగా జపాను కొలుములకు పోయినది. దానిని విశాఖపట్టణము రేవునకు చేర్చుటకై 1960వ దశకములో తూర్పుకనుమలను తొలిచి కొత్తవలసనుండి కిరందుల్ వరకు సుమారు 450 కిలోమీటర్ల రైలుమార్గము వేయబడినది. అందుచేత తెలుగువారికి ఈ పట్టణములు దూరపుచుట్టములు కావు. రాయి ఇటు దిగుచుండగా మనుషులు అటు ఎక్కిరి. ఉత్తరాంధ్రమునుండి ఉద్యోగములకై పోయి అక్కడ కాపురములు పెట్టిన కుటుంబములు అనేకము. ఇంతకంటె ప్రాచీనమైన సంబంధము నొకదానిని బస్తరు రాజవంశ సంప్రదాయమే చెప్పుకొన్నది. ఓరుగల్లు పతనానంతరము ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరి దాటివచ్చి ఆ రాజ్యమును స్థాపించెనని దాని కథనము.

ఇట్టి కాలనీలలో పెరిగినవారి జ్ఞాపకములకు ఒక సామాన్యస్వరూపము కలదు. షిఫ్టు మారునప్పటి సైరను, దానినిబట్టి వంటింట పొయ్యి వెలిగించుకొను తల్లి, రాత్రివేళ కొండపై వరుసగా వెలుగు దీపములు, ఉతికిన బట్టకును వదలని ఎర్రని దుమ్ము, వానకాలమున కొండను కప్పివేయు మబ్బు, సెలవులకు పోవునప్పుడు సొరంగము వెంట సొరంగము దాటుచు చీకటిలో కేకలు వేయు పిల్లలు. ఒక వాకిట తెలుగు, ఎదురింట బెంగాలీ, ప్రక్కయింట ఒడియా, వీధిలో అందరికిని హిందీ. సంక్రాంతి అరిసెలు ఒక యింటనుండి, దుర్గాపూజ ప్రసాదము మరియొక యింటనుండి. కులమును అడుగకముందే తండ్రి హోదాను అడుగు సమాజమది. అయినను ఒకే బడి, ఒకే ఆసుపత్రి, ఒకే ఆటస్థలము పిల్లలకొక విశాలదృష్టిని ప్రసాదించినవి. స్వతంత్రభారతము తనను గూర్చి తాను కన్న స్వప్నము ఏ కొంచెమైన నిజమైన స్థలములలో ఈ కాలనీలు చేరునని చెప్పుట అతిశయోక్తి కాదు. ఈ స్మృతిని వట్టి భావుకత యని త్రోసివేయు విమర్శకుడు న్యాయము చేసినవాడు కాడు.

అయితే ఈ చిత్రములను మరల పరికించినచో ఒక విషయము బయటపడును. వీనిలో ఆదివాసి యెచ్చట నున్నాడు? వారపు సంతలో నున్నాడు. ఇప్పపూవో, చింతపండో, ఆకుదొన్నెలో ఎర్రచీమల పచ్చడియో అమ్ముకొనుచు, ఆదివారము ఉదయమున వచ్చి సాయంకాలమునకు అడవిలోనికి మాయమగు మనిషిగా నున్నాడు. ఆ కొండకు ఆతనికి గల సంబంధమేమో బాలునకు తెలియదు. తెలియకపోవుట బాలుని దోషము కాదు. కాని నలువది సంవత్సరముల పిదప కలము పట్టిన పెద్దవానికి కూడ ఆతడు సంతమనిషిగనే మిగిలినచో, అది సాహిత్యదోషమగును. బాల్యమును చెప్పుటకు బాలుని కన్నులు కావలెను. గ్రంథమును వ్రాయుటకు అవి చాలవు.

ఈ విషయమున బొగ్గుప్రాంతముల సాహిత్యము మార్గదర్శకము. బెంగాలీ రచయిత శైలజానంద ముఖోపాధ్యాయుడు 1901లో జన్మించి రాణీగంజ్ బొగ్గుప్రాంతమున మాతామహుని యింట పెరిగెను. కాజీ నజ్రుల్ ఇస్లాం ఆతని బాల్యమిత్రుడు. ఆ మాతామహుడు గనుల యజమాని. యజమాని యింట పెరిగిన మనుమడు తన యింటి వైభవమును వర్ణించి ఊరకుండవచ్చును. కాని 1920వ దశకారంభమున 'కయలాకుఠి' మొదలగు కథలలో ఆతడు బొగ్గు మోయు సంతాలు స్త్రీపురుషుల ప్రేమలను, కలహములను, చావులను కథావస్తువుగా స్వీకరించెను. ఇంటి గవాక్షమునుండి బాలుడు చూచిన కూలీలు కథలోనికి వచ్చుసరికి పేర్లుగల మనుష్యులైరి. బెంగాలీ కథానిక భద్రలోకపు ముంగిలి దాటి గని మొగదాకా వచ్చుటలో ఆతని పాత్ర గణనీయమైనది.

ఝరియాలో పుట్టి పెరిగిన ఉర్దూ నవలాకారుడు ఇలియాస్ అహ్మద్ గద్దీ 'ఫైర్ ఏరియా'లో మరియొక మార్గమును త్రొక్కెను. ఆ నవలకు 1996లో సాహిత్య అకాడెమీ పురస్కారము లభించినది. ఝరియాలో 1916 నుండియు భూగర్భమున అగ్ని రగులుచున్నది. ఇండ్ల క్రింద నిప్పు, ఇండ్లలో సంసారము. ఇది కవి కల్పించిన ఉపమానము కాదు, అక్కడివారి నిత్యానుభవము. గద్దీకి ఆ పట్టణముపై మమకారము లేకపోలేదు. కాని గుత్తేదారుల దౌర్జన్యమును, కార్మికసంఘములు అధికారవ్యాపారములుగా మారుటను, పొట్టకూటికై పల్లె విడిచివచ్చినవాడు క్రమముగా కరుడుకట్టుటను ఆ మమకారము కప్పివేయలేదు. హిందీలో సంజీవ్ 1986లో ప్రకటించిన 'సావధాన్! నీచే ఆగ్ హై' కూడ ఈ కోవకు చెందినదే. 1975 డిసెంబరు 27న చాస్నాలా గనిలోనికి నీరు చొచ్చివచ్చి 370 మందికి పైగా కార్మికులు మరణించిన దుర్ఘటన దాని వెనుక నున్నది.

తెలుగున సింగరేణి ఈ బాధ్యతను తనదైన రీతిలో నిర్వహించినది. 1871లో ఇల్లెందు ప్రాంతమున బొగ్గు కనుగొనబడి, 1889లో త్రవ్వకము ఆరంభమైన పిదప, కొత్తగూడెము, బెల్లంపల్లి, గోదావరిఖని ఒకదాని వెనుక నొకటి వెలసినవి. అక్కడి జనులు గనిని గని యనరు, 'బాయి' యందురు. నీళ్లకు దిగు బావియు, బొగ్గునకు దిగు గనియు వారికి ఒకే మాట. సేద్యమునుండి గనికి మారిన జాతి తన పాతమాటను క్రొత్త చీకటిలోనికి వెంట తీసికొని పోయినది. ఈ ఒక్కమాటలో నున్నంత గతస్మృతి పెక్కు పుటల వర్ణనలో నుండదు. అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి కథలలోను, పి. చంద్ 'శేషగిరి' మొదలగు నవలలలోను గనిపట్టణము శ్రమతోడను పోరాటముతోడను కలిసియే కనబడును. వీనిలో కొన్నింట స్మృతి కంటె ఉద్యమమునకు ప్రాధాన్యమెక్కువ. ఇంటి ముంగిలి, బడి, ఆటపాటలు తగినంత చోటు పొందలేదని చెప్పినను తప్పు లేదు. కాని మనుష్యులను సంతబొమ్మలుగా చూపిన దోషము వానికి అంటదు.

పాశ్చాత్యసాహిత్యమున గనిపట్టణ గతస్మృతికి మిక్కిలి ప్రసిద్ధమైన నవల 1939లో వెలువడిన రిచర్డ్ లెవెలిన్ 'హౌ గ్రీన్ వాజ్ మై వ్యాలీ'. వేల్సులోని లోయ నొకదానిని విడిచిపోవుచున్న హ్యూ మోర్గన్ తన బాల్యమును తలచుకొనుటయే దాని కథ. గనినుండి పోసిన చెత్తరాతిగుట్ట ఇంటిపైకి జరిగివచ్చుచుండుట దానిలోని మరపురాని చిత్రము. లక్షలాది పాఠకులు దానిని స్వీయస్మృతిగా భావించిరి. కాని లెవెలిన్ లండనులోని హెండన్‌లో జన్మించినవాడని 1983లో ఆతని మరణానంతరము వెల్లడియైనది. ఆతడు ఆ లోయ బిడ్డ కాడు. దీనివలన నవల విలువ తగ్గెనని చెప్పుట పొరపాటు. అయితే గతస్మృతి యనునది అనుభవము లేకయు అలవరచుకొనదగిన శైలి యని మాత్రము తెలియుచున్నది. సూత్రము దొరికినచో ఎవరైన ఆ మాధుర్యమును సృష్టింపవచ్చును. ఇందుకు భిన్నముగా డి. హెచ్. లారెన్స్ గనికార్మికుని కుమారుడై ఈస్ట్‌వుడ్‌లో పెరిగినవాడు. 1913 నాటి 'సన్స్ అండ్ లవర్స్'లో ఆతని తండ్రికి సమానమైన పాత్ర సౌమ్యుడు కాడు, ఇల్లు ప్రశాంతము కాదు. ప్రేమించినదానిని అందముగా చూపవలెనను నిర్బంధము ఆతనికి లేదు. లెవెలిన్ నవల చదివి పాఠకుడు కన్నీరు తుడుచుకొని లేచును. లారెన్స్ నవల చదివినవాడు అంత సులభముగా లేవలేడు.

బస్తరునకు మరలినచో, స్మృతిని ఎట్లు నిర్వహింపవలెనో తెలుపు గ్రంథము ఆ నేలపైననే పుట్టియున్నది. అది గుల్‌షేర్ ఖాన్ శానీ రచించిన హిందీ నవల 'కాలా జల్'. శానీ 1933లో బస్తరు ముఖ్యపట్టణమైన జగదల్‌పుర్‌లో జన్మించెను, పిమ్మట సాహిత్య అకాడెమీ హిందీ పత్రిక 'సమకాలీన భారతీయ సాహిత్య'కు తొలి సంపాదకుడయ్యెను, 1995లో మరణించెను. 1965లో వెలువడిన ఈ నవలలో గని లేదు. ఉన్నది చిన్నపట్టణములోని మధ్యతరగతి ముస్లిము కుటుంబముల జీవనము. అయినను గనిపట్టణ గ్రంథకర్తకు ఇంతకంటె మంచి గురువు దొరకుట అరుదు.

నవల నిర్మాణమే ఇందలి ముఖ్యవిషయము. షబే బరాత్ రాత్రి బబ్బన్ అను యువకుడు మేనత్త యింట ఫాతిహా చదువుటకు కూర్చుండును. గతించిన ఒక్కొక్కరి పేర ప్రార్థన జరుగును. ఒక్కొక్క పేరుతో ఒక్కొక్క జీవితము లేచివచ్చును. బయటినుండి బస్తరునకు వచ్చి స్థిరపడిన మిర్జా కరామత్ బేగ్, ఆతని యింట కాలుపెట్టిన స్థానికస్త్రీ బిట్టీ రౌతాయిన్ మొదలుకొని, ఎవరును పెదవి విప్పి చెప్పని మరణమును పొందిన సల్లో ఆపా వరకు పలువురు ఆ రాత్రి నడిచిపోవుదురు. ఇక్కడ స్మృతి వినోదము కాదు, విధి. మృతుల పేరు పలుకుట బ్రతికినవాని కర్తవ్యము. పేరు పలికినచో ఆ మృతుని పట్ల ఇల్లు చేసిన అన్యాయమును కూడ పలుకక తప్పదు. కావుననే ఈ నవలలో జ్ఞాపకము ఎంత ఆర్ద్రమైనను మధురము కాదు. పేరులోని నల్లనీరు నిలిచిపోయి పాచిపట్టిన నీరు; దాని దుర్గంధము తెలిసియే రచయిత దాని యొడ్డున కూర్చున్నాడు.

రెండవ విశేషము, బబ్బన్ దృష్టి ద్విముఖముగా నుండుట. ఆతనిలోని బాలుడు చూచినది చూచినట్లు చెప్పును. సల్లో ఆపా యెడ ఆతని బాల్యప్రీతి చెక్కుచెదరదు. ఆతనిలోని పెద్దవాడు ఆ బాలుని మాట కాదనడు, కాని ఆ బాలునకు చెప్పబడని విషయము ప్రక్కన నిలుపును. అమాయకత్వమును నిందింపక, దానికి లొంగిపోక, రెండింటిని ఒకే వాక్యములో మోయుట కష్టసాధ్యమైన పని. శానీ దీనిని సాధించెను. ఆతడు తన పట్టణముతో తృప్తిచెందక, 'శాల్‌వనోఁ కా ద్వీప్' అను రచనలో అబూఝమాడ్ ఆదివాసుల నడుమ గడిపిన దినములను గూర్చి కూడ వ్రాసెనన్నది గమనింపదగిన యంశము. పట్టణపు పిల్లవాడు సంత దాటి అడవిలోనికి పోయినాడు.

శానీ మార్గము బైలాడీలాకు అన్వయించి చూచినచో ఆ పట్టణముల బాల్యస్మృతిలో ఎవరి పేర్లు పలుకవలసియున్నవో తెలియును. 1978 ఏప్రిల్‌లో, యంత్రముల రాకవలన పని కోల్పోవుచున్న ఒప్పందకూలీల ఆందోళనపై కిరందుల్‌లో పోలీసులు కాల్పులు జరిపిరి. ప్రాణములు పోయినవి, గుడిసెలు తగులబడినవి. సైరను మ్రోతను మధురముగా తలచుకొను పుస్తకములో ఆ రోజునకు ఒక పుటయైన నుండవలెను. గనిమట్టి కలిసి ఎర్రబారిన శంఖినీనది దంతేవాడలో దంతేశ్వరీ ఆలయముచెంత డంకినితో కలియును. కాలనీ బాలునకు ఆ యెరుపు వింత. దిగువ గ్రామములవారికి అదే త్రాగునీటి గోస. 2019 జూన్‌లో వేలాది ఆదివాసులు కిరందుల్‌నకు నడిచివచ్చి, 13వ నిక్షేపమున్న కొండ తమ నందరాజు నివాసమనియు, దానిని త్రవ్వరాదనియు సంస్థ కార్యాలయము నెదుట దినముల తరబడి కూర్చుండిరి; రాష్ట్రప్రభుత్వము ఆ పనులను నిలుపుచేసెను. సంతమనిషి మొదటిసారి కొండ తనదని పట్టణము నడిబొడ్డున పలికిన ఘట్టముగా కాలనీ బిడ్డ దానిని చూడవచ్చును. నిజమునకు అది మొదటిసారి కాదు, వినబడినది అప్పుడు.

ఇనుమును గూర్చిన గతస్మృతి ఆ మధ్యభారత భూములకు క్రొత్తదియు కాదు. బస్తరునకు ఉత్తరమున మైకల కొండలలో చిన్నకొలుములతో ఇనుము కరగించు అగారియాల పురాణగాథలను వెరియర్ ఎల్విన్ 1942లో ప్రకటించెను. లోహరీపురమను ఇనుపపట్టణము, దానిని పాలించిన లోగుండీ రాజు, ఆ వైభవము నశించుట వారి గాథలలోని ప్రధానాంశములు. కొలిమిపై పన్ను, కర్మాగారముల చవుక ఇనుము కలిసి వారి వృత్తిని క్షీణింపజేసినవి. గాథలోని పట్టణము మాత్రము వారి నోట నిలిచినది. ఉద్యోగవిరమణతో క్వార్టరు విడిచిన కుటుంబపు బిడ్డయు, కొలిమి చల్లారిన అగారియాయు ఒక విధముగా సమానదుఃఖితులు. ఇద్దరికిని ఇనుము ఊరునిచ్చి తీసికొన్నది. ఈ సామ్యమును గుర్తించిన నాడు కాలనీ స్మృతికి కావలసిన స్థాయిభావము లభించును. తన యిల్లు పోయినదను చింత ఇతరుని కొండ పోయినదను శోకముతో కలిసినప్పుడు అది కరుణ మగును. కలియనప్పుడు అది పాత ఛాయాచిత్రముల పెట్టె మాత్రమే.

దీనిపై ఒక ఆక్షేపణ సహజము. తండ్రి కష్టపడి జీతము తెచ్చెను, తల్లి పరాయినేలపై సంసారము దిద్దెను, బిడ్డ చదువుకొని పైకి వచ్చెను. వారి చిన్నసంతోషముపై ఇంత చరిత్రభారము మోపుట న్యాయమా యని అడుగవచ్చును. ఆక్షేపణ బలమైనదే. సాహిత్యము న్యాయస్థానము కాదు. బాలుని బోనులో నిలువబెట్టుట దాని పని కాదు. పశ్చాత్తాపము కోరుటయు విమర్శకుని పని కాదు. పశ్చాత్తాపగ్రంథములు తరచుగా రచయితను మరింత పెద్దవానిని చేసి చూపును. ఆదివాసి మరల అంచునకే పోవును. కావలసినది పరిజ్ఞానము. సొరంగములో కేకలు వేసిన పిల్లల సంతోషము అట్లే యుండనిండు. ఆ సొరంగమెందులకు తొలిచిరో, దానిలోనుండి ఏది ఎవరికై దిగిపోయినదో కూడ ఆ పుటపై నుండనిండు. సంతోషము దానివలన తగ్గదు. దాని క్రింద నేల మొలచును.

కిరందుల్, బచేలి బాల్యములు ఏ భాషలో గ్రంథములైనను, తెలుగున మరింతగా, వాని పాత్రత ఈ గీటురాతిపై తేలును. కాలనీ బాలునకు సంతమనిషి పేరు తెలియదు. పెద్దవాడై వ్రాయునాటికి ఆతడు ఆ పేరు కనుగొని, దానిని తన తల్లిదండ్రుల పేర్ల సరసన నిలుపగలిగినచో, ఆ గ్రంథము శానీ నవల నిలిచిన వరుసలో నిలుచును.